గట్టు రోడ్డు మీద ఆగిపోయిన ఇల్లు

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నిరుడు ఒక పాత డీజిల్ వ్యాను కొన్నాము. 2016 నాటి బండి. లోపల పడకలు, వంటగట్టు, చిన్న ఫ్రిజ్, ఫ్యాన్లు అమర్చి కారవాన్‌గా మార్చారు. మొన్న నేను, నా భార్య, ఎనభై దాటిన మా అమ్మ కలిసి ధవళేశ్వరం బ్యారేజీ, లొల్ల లాకులు చూసుకుంటూ అంతర్వేది వెళ్దామని బయలుదేరాము. కొత్తపేట దాటాక కాలవగట్టు రోడ్డు మీద టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయి, బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చింది. కంగారులో మలుపులోనే ఆపేశాను. వెనకాల కొబ్బరికాయల లారీ వాళ్లతో మాటామాటా పెరిగింది. బకెట్టుతో కాలవ నీళ్లు తెచ్చి రేడియేటర్‌లో పోశాను. రెండు గంటల తరువాత ఒక మెకానిక్ వచ్చి హోస్ పైపు మార్చాడు. ఆ రాత్రి ఒక ఊరి దగ్గర కొబ్బరితోటలో పడుకున్నాము. తెల్లారి చూస్తే సెల్ఫ్ పలకలేదు. పదిమంది నెట్టినా స్టార్ట్ కాలేదు. చివరికి ఇంటికి వచ్చేశాము. నేను చేసినదానిలో తప్పేమిటి? వెంట ఏమేమి ఉంచుకోవాలి? నా భార్య ఇక ఆ బండి ఎక్కనంటోంది. ఈసారి నరసాపురం దగ్గర పంటు (బండ్లను నది దాటించే పెద్ద పడవ) ఎక్కించి దగ్గరి దారిన అంతర్వేది వెళ్తే ఇబ్బందులు తగ్గుతాయా?

సమాధానం: మాస్టారికి నమస్కారం. మీరు కాలవ నీళ్ల గురించి, సామాను గురించి అడిగారు గాని, నేను మీరు అడగని విషయంతో మొదలుపెడతాను. హోస్ పైపు పగలడం మీ చేతిలో లేదు. బండి ఎక్కడ ఆగాలన్నది మాత్రం ఆ రోజు చాలావరకు మీ చేతిలోనే ఉంది. డెల్టాలో ఈ రెండో సంగతే పెద్దది. మెట్ట ప్రాంతంలో బండి చెడిపోతే పక్కకు తీసి ఆపుకోవచ్చు. మనకు ఆ పక్క అనేదే లేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక సాగునీటికీ పడవల రాకపోకలకూ కలిపి తవ్విన కాలవలు మనవి. వాటి గట్ల మీద సాగే రోడ్లకు ఒక వైపు నీళ్లు, రెండో వైపు గట్టు దిగువన చేలు. తారు అంచు దాటాక ఉండేది పైకి గట్టిగా కనిపించే ఒండ్రుమన్ను. వానాకాలంలో, ఆ మాటకొస్తే పక్క చేలో నీరు పెట్టి ఉన్న ఏ కాలంలోనైనా, అది లోపల మెత్తగానే ఉంటుంది. దాని మీదికి కారు ఎడమ చక్రాలు దిగితే తిరిగి ఎక్కుతాయేమో గాని, మీది కారు కాదు. తాగే నీళ్ల ట్యాంకులో వంద లీటర్లుంటే అదే నూరు కిలోలు. పడకలు, అల్మారాలు, గ్యాస్ సిలిండరు, బ్యాటరీలు, మనుషులు అన్నీ కలిసి, పైగా ఎత్తుగా ఉన్న బండి. రాజోలు వైపు ఒకసారి ఎదురుగా వచ్చే బస్సుకు మర్యాదగా దారి ఇద్దామని ఎడమ చక్రాలను మార్జిన్‌లోకి దించి, మరుక్షణం బండి కాలవ వైపు ఒరగడం చూసినవాణ్ని నేను. ట్రాక్టరు వచ్చి లాగేదాకా మా వాళ్లంతా రోడ్డు మీదే నిలబడ్డారు. అప్పటి నుంచి గట్టు రోడ్డు మీద ఎదురు బండి వస్తే నేను తారు మీదే ఆగుతాను, ఎవరేమనుకున్నా సరే.

అందువల్ల కాలవగట్టు ఎక్కినప్పటి నుంచి, బండి బాగా నడుస్తున్నప్పుడే, ఆగడానికి వీలైన చోట్లను కంటితో గుర్తుపెట్టుకుంటూ పోవడం అలవాటు చేసుకోండి. లాకుల దగ్గర వెడల్పైన జాగా ఉంటుంది. వంతెన దిగిన చోట ఊళ్లోకి మళ్లే దారి మొదట్లో, పెట్రోలు బంకులో, గుడి ముందు, బడి ఆవరణలో ఆపవచ్చు. అన్నిటికంటే నాకు నచ్చేది రైసుమిల్లు. లారీలు తిరగడానికి గట్టి చేసిన ఆవరణ, కరెంటు, నీళ్లు, నీడ ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా ఏ మెకానిక్ ఏ పనికి మంచివాడో తెలిసిన గుమస్తా ఉంటాడు. అడిగితే కాదనే మిల్లు నాకింతవరకు తగలలేదు.

ఇక ముల్లు సంగతి. వేడెక్కిన ఇంజన్ సాధారణంగా కొంత వ్యవధి ఇస్తుంది. ముల్లు మధ్యగీత దాటి పైకి కదలడం మొదలైనప్పుడు ఏసీ కట్టేసి, మీ బండికి హీటరు ఉంటే దానిని పూర్తిగా తిప్పి, అద్దాలు దించి, వేగం తగ్గించి నడిపితే ఇంజన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. మనకు ఉక్కపోసినా ఇంజన్ ఊపిరి తీసుకుంటుంది. ఆ కాసేపట్లో తరువాతి వంతెన దాకా చేరుకోవచ్చు. ముల్లు ఎర్రగీతను తాకినా, ఆవిరి కనిపించినా ఇక అడుగు ముందుకు వేయకూడదు. అప్పుడు మలుపైనా సరే ఆపాల్సిందే, కాబట్టి మీరు అక్కడ ఆపినందుకు తప్పు పట్టను. ముల్లు కదలడం మొదలైనప్పుడే చూసి ఉంటే మలుపు దాకా వచ్చేది కాదన్నదే నా మాట. మరొక సంగతి కూడా గమనించండి. పైకి పోయిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే సంతోషించకూడదు. నీరంతా పోయి, వేడిని కొలిచే సెన్సరు ఖాళీలో మిగిలిపోయినప్పుడు కూడా అలా జరుగుతుంది. బ్యాటరీ లైటు వెలిగి, దానితోపాటే ముల్లు కూడా లేస్తుంటే బెల్టు తెగిందని అనుమానించి వెంటనే ఆపండి. చాలా ఇంజన్లలో డైనమోను, నీళ్ల పంపును తిప్పేది ఒకే బెల్టు.

మీ బండి ఆ దారిలోనే ఎందుకు వేడెక్కింది అంటే, హోస్ పాతబడి ఉండడం ఒక కారణం, ఆ దారి తీరు రెండో కారణం. గడ్డి ట్రాక్టరు వెనక రెండో గేరులో గంటకు ఇరవై కిలోమీటర్ల చొప్పున పోతుంటే రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు, భారమంతా ఫ్యాను మీదే పడుతుంది. దాళ్వా (రబీ వరి) కోతల రోజుల్లో రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి పొట్టు, పురుగులు రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుని గాలిని ఇంకా అడ్డుకుంటాయి. ఆ దారుల్లో తిరిగి వచ్చాక ఇంజన్ చల్లారనిచ్చి, లోపలి నుంచి బయటికి, సన్నటి ధారతో రెక్కలు కడిగించండి. రోడ్డు మీద మందంగా పరిచిన గడ్డి మీదుగా వెళ్లక తప్పకపోతే, దాటిన తరువాత దిగి ఇరుసుకు, సైలెన్సరుకు గడ్డి చుట్టుకుందేమో చూడండి. కాలే సైలెన్సరుకు ఎండుగడ్డి తగిలితే మంట అంటుకునే ప్రమాదం ఉంది.

కాలవ నీళ్లు పోయడం ఆపదలో తప్పు కాదు, పోసిన సమయం తప్పు. రేడియేటర్ లోపలి నీరు ఒత్తిడిలో ఉండడం వల్ల నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి మొత్తం ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. మీకు ఏమీ కాకపోవడం అదృష్టం, అప్పటికే హోస్ నుంచి ఒత్తిడి పోయి ఉండాలి. కనీసం అరగంట ఆగి, పై హోస్‌ను చేత్తో నొక్కగలిగేంత చల్లబడ్డాకనే, మందపాటి గుడ్డ వేసి మూతను సగం తిప్పి, బుస్సుమనడం ఆగాక పూర్తిగా తీయాలి. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్ వంకరపోవచ్చు, పగుళ్లు కూడా పట్టవచ్చు. ఆ మరమ్మతు ఖర్చు ముందు హోస్ పైపు ధర లెక్కలోకి రాదు. ఇప్పుడు మీరు చేయవలసింది, ఆ బురదనీరు పూర్తిగా తీయించి, లోపల శుభ్రం చేయించి, తయారీదారు చెప్పిన కూలెంటును సరైన పాళ్లలో పోయించడం. ఇంజన్ ఆయిలు మట్టం చూసే పుల్లను (డిప్‌స్టిక్) కూడా ఒకసారి తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులోకి మారి ఉంటే నీరు ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. అలా ఉంటే బండిని నడపకుండా షెడ్డుకు చేర్చండి.

బండి ఆగిన తరువాత మనుషుల సంగతి మీరు రాయలేదు గాని, మీ అమ్మగారు ఆ రెండు గంటలూ లోపలే కూర్చున్నారని ఊహిస్తున్నాను. మలుపులో ఆగిన బండిలో ఎవరూ కూర్చోకూడదు. చాలా కారవాన్లకు తలుపు ఎడమ వైపు ఉంటుంది. మీ ఎడమ పక్క కాలవ ఉంటే దిగేవాళ్లకు అడుగు ఎక్కడ పడుతుందో ముందు మీరు దిగి చూసుకోవాలి, పెద్దవాళ్లను అవసరమైతే ముందు సీటు వైపు నుంచి దించాలి. దిగాక బండికి దూరంగా, వచ్చే వాహనాలకు ఎదురుపడని చోట కుర్చీ వేసి కూర్చోబెట్టండి. నీడ కోసం కొబ్బరిచెట్టు కిందికి మాత్రం చేర్చకండి. మనవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదనుకుంటాం గాని, ఆ రాత్రి మీరు బండిని నిలిపింది కొబ్బరితోటలోనే. కాయ పడితే కారవాన్ పైకప్పు మీది సోలార్ పలక ఒక్క దెబ్బకు పోతుంది. గ్యాస్ సిలిండరు వాల్వు వెంటనే కట్టేయండి. వంటగ్యాసు గాలి కంటే బరువు కనుక, లీకైతే నేలకు అంటుకుని పేరుకుంటుంది, మెకానిక్ పని చేసేదీ అక్కడే.

ఎరుపు రంగు హెచ్చరిక త్రికోణం ఒకటి కాదు, రెండు ఉంచుకోండి. ఇరుకు రోడ్డు కాబట్టి బండికి ముందూ వెనకా కనీసం యాభై మీటర్ల దూరంలో పెట్టాలి; మలుపు ఉంటే మలుపుకు అవతల, డ్రైవరుకు బండి కనపడక ముందే త్రికోణం కనపడే చోట పెట్టాలి. మన దగ్గర కొబ్బరిమట్టలూ రాళ్లూ అడ్డం పెట్టడం ఆనవాయితీ. మట్టలు మంచివే. రాళ్లు పెడితే మాత్రం వెళ్లేటప్పుడు మీ చేత్తో తీసేసి వెళ్లండి. బాగైన బండి వెళ్లిపోయాక రోడ్డు మధ్య మిగిలిన రాళ్లకు రాత్రిపూట మోటారు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు బలవుతారు. లారీవాళ్లతో గొడవ కూడా సగం త్రికోణంతో తీరిపోయేదే. దింపు కాయలు ఎక్కించుకుని సమయానికి చేరాల్సినవాళ్లకు మన బండి ఎంతసేపు ఆగుతుందో తెలియకపోవడమే కోపం.

మరునాటి ఉదయం సెల్ఫ్ పలకకపోవడం చెడిపోవడం కిందికి రాదు, అది లెక్క తప్పడం. మీ ఫ్రిజ్ సగటున నలభై ఐదు వాట్లు, ఫ్యాన్లు రెండూ కలిపి యాభై వాట్లు తీసుకుంటాయనుకుందాం. పన్నెండు వోల్టుల మీద అది ఎనిమిది ఆంపియర్లకు దగ్గర. ఎనిమిది గంటలు నడిపితే అరవై నాలుగు ఆంపియర్ అవర్లు. మీలాంటి వ్యాన్లలో ఉండే స్టార్టింగ్ బ్యాటరీ సామర్థ్యమే ఎనభై, వంద ఆంపియర్ అవర్లు. అందులో సగం కంటే ఎక్కువ వాడితే ఇంజన్ లేపే శక్తి మిగలదు, బ్యాటరీ ఆయుష్షూ తరుగుతుంది. ఇంటి అవసరాలకు వేరే బ్యాటరీ, రెండింటినీ ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రమే కలిపి, ఆగగానే విడదీసే రిలే ఉండాలి. మీ బండిలో బ్యాటరీలు రెండు ఉన్నా రిలే లేకుండా నేరుగా కలిపి ఉంటారని నా అనుమానం; సెకండ్ హ్యాండ్ మార్పిడి బండ్లలో ఇది తరచుగా చూస్తాను. ఒక చిన్న మల్టీమీటరు కొనుక్కోండి. ఇంజన్ ఆపి కొన్ని గంటలైన తరువాత నిండు బ్యాటరీ పన్నెండున్నర దాటి చూపాలి, పన్నెండుకు దగ్గరైతే అది దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు పదమూడున్నర, పద్నాలుగున్నర మధ్య కనిపించకపోతే డైనమో ఛార్జింగ్ ఇవ్వడం లేదని అర్థం. సముద్రతీరపు ఉప్పుగాలికి టెర్మినళ్లూ, ఎర్త్ తీగ ఇంజన్‌కు బిగించిన చోటా పూతపట్టి, మంచి బ్యాటరీ కూడా చచ్చినట్టు కనబడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగి వచ్చాక వాటిని శుభ్రం చేసి వ్యాజలైన్ పూయించండి.

పదిమంది చేత నెట్టించడం మాత్రం మళ్లీ చేయకండి. 2016 నాటి డీజిల్ ఇంజన్‌లో డీజిల్ వదిలేది కంప్యూటరు. దానికి కరెంటు లేకపోతే ఊరంతా వచ్చి నెట్టినా లాభం లేదు. అంతకంటే ముఖ్యం, ఇంజన్ ఆగితే బ్రేకుకు, స్టీరింగుకు సాయమిచ్చే శక్తి పోతుంది. అంత బరువున్న బండి గట్టు మీద కదలడం మొదలుపెట్టాక మీరు కాలితో ఎంత తొక్కినా వెంటనే ఆగదు. తాడుతో ట్రాక్టరు లాగినా ఇదే ప్రమాదం. లాగించక తప్పకపోతే ఇనుప కడ్డీ వాడించి, నడక వేగం దాటనీయకండి. దాని బదులు జంపర్ కేబుళ్లు ఉంచుకోండి, మందమైనవి. సాయం అడగవలసింది లారీని కాదు, ట్రాక్టరును లేదా కారును. పెద్ద లారీల్లో బ్యాటరీలు రెండు కలిసి ఇరవై నాలుగు వోల్టులు. అది మీ బండికి తగిలిస్తే కంప్యూటరు కాలిపోవచ్చు. ట్రాక్టరుది పన్నెండే. ఎర్ర తీగను మీ బ్యాటరీ ప్లస్‌కు, తరువాత సాయం చేసే బ్యాటరీ ప్లస్‌కు, నల్లది దాని మైనస్‌కు, చివరి కొనను మీ బ్యాటరీకి కాకుండా ఇంజన్ లోహభాగానికి తగిలించాలి. తీసేటప్పుడు ఇదే వరస వెనక్కి.

సామాను పెట్టె గురించి ఎక్కువ చెప్పను, దానిని నింపడం సరదాగా ఉంటుంది గాని వాడేది కొద్ది. పై, కింది హోస్ పైపులు, క్లిప్పులు, బెల్టు, ఫ్యూజులు, డీజిల్ ఫిల్టరు, అయిదు లీటర్ల కూలెంటు, కేబుళ్లు, టార్చి, త్రికోణాలు. బండి మొత్తం బరువుకు సరిపడే జాకీ, దానితోపాటు అడుగున్నర వెడల్పున్న మందపాటి చెక్క: ఈ చెక్క లేకపోతే మన నేలలో జాకీ పైకి లేవదు, కిందికి దిగుతుంది. స్టెప్నీలో గాలి చూసుకునేవారు తక్కువ, మీరు చూడండి.

పల్లె మెకానిక్‌ల మీద నాకు గౌరవం ఉంది. ట్రాక్టర్లు, ఆటోలు, కోతమిషన్లు పొలంలోనే బాగుచేసే చేతులవి. హోస్, బెల్టు, బేరింగు, డీజిల్ లైనులో గాలి పట్టడం వంటివి వాళ్లకు వదిలేయవచ్చు. రేటు ముందే అడిగి, తీసిన పాత భాగాన్ని మీ దగ్గర ఉంచుకోండి. సెన్సరు వైరు కోసి కలిపేస్తానన్నా, ఇన్వర్టరు విప్పుతానన్నా వద్దనండి. మీ బీమాకు రోడ్డు సాయం కవరు ఉందో లేదో, ఉంటే మీ బండి బరువుకూ ఎత్తుకూ సరిపడే లాగుడు వాహనం పంపగలరో లేదో ఇంట్లో ఉండగానే ఫోను చేసి అడగండి. కారును ఎక్కించుకునేది మీ వ్యానును మోయలేకపోవచ్చు. కారవాన్ మార్పు ఆర్‌సీలో నమోదు కాకపోతే ముందు ఆ పని చూసుకోండి, ప్రమాదం జరిగిన రోజు బీమావాళ్లు మొదట అడిగేది అదే. 16, 216 నంబరు జాతీయ రహదారుల మీద ఆగితే 1033కు ఫోను చేయవచ్చు. గట్టు రోడ్లు వాటి కిందికి రావు. అక్కడ ప్రాణం మీదికి వస్తే 112, 108.

వరదల రోజుల్లో, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, బయలుదేరే ముందు ధవళేశ్వరం దగ్గర నీటి లెక్క చూడండి. పది లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడుకు రెండవది, పదిహేడుకు మూడవది. మొదటి హెచ్చరిక వచ్చాక ఏటిగట్టు దాటి లంకల వైపు కారవాన్‌ను దించకండి. చెడిపోయిన బండిని రాత్రికి అక్కడ వదిలి రేపు చూద్దాంలే అనుకునే చోటు కాదది.

శ్రీమతిగారి విషయంలో ఒప్పించే మాటలు నా దగ్గర లేవు. ఆవిడ భయం బండి గురించి కాదు, ఆగిన తరువాత ఏం చేయాలో ఎవరికీ తెలియని ఆ రెండు గంటల గురించి అని నా ఊహ. త్రికోణం పెట్టడం, గ్యాసు కట్టడం, అమ్మగారిని దించడం అనే పనులను ముగ్గురూ ఒకసారి మీ ఇంటి ముందే చేసి చూడండి. ఆ తరువాత పాలకొల్లు దాకా పోయి సాయంత్రానికి తిరిగి రండి. ఆవిడ రానంటే ఆ ఒక్కరోజు ప్రయాణం మీరొక్కరే చేయండి.

పంటు సంగతి చివరికి మిగిలింది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు దాటితే దూరం తగ్గే మాట నిజమే, గోదావరి మీద గాలి కూడా హాయిగా ఉంటుంది. కాని బ్యాటరీ మీద నమ్మకం లేని, బరువున్న, ఎత్తైన బండిని రేవు వాలులో దించి, పంటు మీదికి ఎక్కించి, అవతల మళ్లీ వాలు ఎక్కించేటప్పుడు ఇంజన్ ఆగితే ముందూ వెనకా చోటుండదు, వెనక నీళ్లే ఉంటాయి. ఈసారికి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి, మలికిపురం, సఖినేటిపల్లి దారిన వెళ్లండి. భీష్మ ఏకాదశి తీర్థం రోజుల్లో ఆ రోడ్డు జనంతో కిక్కిరిసి, మొదటి గేరులో పాకుతూ పోవాలి, ఇంజన్ మళ్లీ వేడెక్కుతుంది. తీర్థం ముగిసి నాలుగు రోజులైన తరువాత పెట్టుకోండి. రిలే బిగించి, ఒక నెల తిరిగి, ఉదయాన్నే ఒకే తాకుకు సెల్ఫ్ పలుకుతోందని మీకు నమ్మకం కుదిరాక పంటు గురించి మళ్లీ రాయండి.